పిడుగు పక్కన పడితే ఇంటర్‌కాం ఎందుకు కాలింది? రెండు బిల్డింగుల ఫోన్లు కలిపే పని

నమస్తే అందరికీ. ముందు ఈ కార్డు చూడండి, కెమెరాకి దగ్గరగా పెడతాండా. ఈ మూల మాడి నల్లగా అయింది కదా, ఈ చిప్పు మీద పెచ్చు ఎగిరిపోయి గుంత పడింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇప్పటికీ కాలిన వాసనే. ఇంటర్‌కాం ఎక్స్ఛేంజీలో, అంటే ఫోన్లన్నీ కలిపే బాక్సులో, బయటి లైను తగిలించే ట్రంక్ కార్డు ఇది. కాల్చింది పిడుగు. కానీ పిడుగు ఆ బిల్డింగు మీద పడనే లేదు.

అనంతపురంలో ఒక శెనక్కాయల వ్యాపారి. రోడ్డు మీదికి ఆఫీసు, వెనక 70 మీటర్ల దూరంలో గోడౌను, మిల్లు. రెండుచోట్లా వేర్వేరు ఇంటర్‌కాంలు. మిల్లు తిరుగుతాంటే జేబులో సెల్లు మోగినా ఎవరికీ వినపడదు. లారీ వచ్చిందని చెప్పాలంటే ఆఫీసు నుంచి ఒక పిల్లోడు పరిగెత్తాల.

నాకంటే ముందొచ్చినాయన గోడ మీద రెండు తీగలు లాగి, ఆఫీసు బాక్సులో ఎక్స్‌టెన్షన్ పోర్టును, అంటే లోపలి ఫోను తగిలించేదాన్ని, గోడౌను బాక్సులో ట్రంక్ పోర్టుకి కలిపినాడు. తప్పేం కాదప్పా, పాత పద్ధతే. బయట నుంచి ఫోనొచ్చిందని గోడౌను బాక్సు అనుకుంటాది, అంతే. కాకపోతే ఒక జత తీగ మీద ఒకసారికి ఒక్క కాలే. ఇద్దరూ ఫోన్ పెట్టేసినాక కూడా కొన్ని బాక్సుల్లో ట్రంక్ పోర్టుకి ఆ సంగతి తెలీదు, లైను పట్టుకొని అట్లే కూచుంటాది. బిజీ టోన్ విని కట్ చేసే సెట్టింగు ఆన్ చేస్తే ఆ బాధ పోతాది.

పిడుగు బాధ అట్ల పోదు. చుట్టుపక్కల యాడ పడినా ఆ దెబ్బకి అక్కడి నేలలో వోల్టేజీ ఎగురుతాది. ఆఫీసు ఎర్తు ఒక వోల్టేజీలో, గోడౌను ఎర్తు ఇంకో వోల్టేజీలో ఉంటాయి. తేడా వేల వోల్టులు కావచ్చు. ఆ రెండింటి మధ్య మనం వేసిన రాగి తీగే వంతెన. పోయేదంతా దాని మీదే పోతాది, మధ్యలో కార్డు బలి. పిడుగు దెబ్బను ఆపే సర్జ్ అరెస్టర్ పెడితే చాలు కదా అంటారు. అది మిగులు కరెంటును ఎర్తులోకి దింపాల. మన జిల్లాలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన. వేసవిలో ఎర్తు గుంత ఎండి బీటలు వారింటాది, యాడికి దించుతాది? ఆ వ్యాపారి ఎర్తు గుంతలో నీళ్లు పోసి ఎన్నాళ్లయిందో ఆయప్పకే గుర్తులేదు.

అందుకే రాగి పీకేసి ఫైబర్ వేసినా. గాజు పోగులో కరెంటు పోదు. ఒక్కటి గమనించండి: ఇనుప కవచం ఉండే కేబుల్ వేసి ఆ కవచాన్ని రెండు చివర్లా కలిపినారంటే మళ్లీ వంతెన కట్టినట్లే. లోహం లేని కేబుల్ అడిగి తీసుకోండి. ఆ చివర, ఈ చివర ఫైబర్‌లో వెలుగును మామూలు నెట్‌వర్క్ తీగకి మార్చే మీడియా కన్వర్టర్లు, నెట్‌వర్క్ మీద నడిచే రెండు ఐపీ ఎక్స్ఛేంజీలు, మధ్యలో వాటిని కలిపే లైనుగా సిప్ ట్రంక్. మాటను డిజిటల్‌గా మార్చే మామూలు పద్ధతి జీ.711లో ఒక కాల్‌కి పోను, రాను ఒక్కో వైపు సెకనుకి 87 కిలోబిట్‌లు పడతాది. పది కాల్స్ ఒకేసారి నడిచినా ఒక మెగాబిట్ దాటదు. అదే ఫైబర్ మీద సీసీ కెమెరాలు పెడితే మాత్రం నెట్‌వర్క్ స్విచ్చిలో మాటకి ముందు వరస ఇవ్వండి, లేకుంటే గొంతు తెగిపోతాది. కన్వర్టర్లకి యూపీఎస్ కూడా ఉండాల. కరెంటు పోతే మళ్లీ పిల్లోడి పరుగే.

మధ్యలో మున్సిపాలిటీ రోడ్డుంటే 5 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ పెట్టుకోవచ్చు. 2018 నుంచి దానికి లైసెన్సు అక్కర్లేదు. ఎదురుగా వేపచెట్టు లేకుండా చూసుకోండి.

నిజానికి ఎక్కువసేపు పట్టింది నంబర్ల దగ్గర. రెండుచోట్లా 201 ఉండాది, ఇద్దరూ మార్చుకోమంటారు! చివరికి ఆఫీసుకి 2 సీరీస్, గోడౌనుకి 3 సీరీస్ ఇచ్చినా. మేనేజర్ తనకి 101 కావాలన్నాడు. అది ఫైరింజనుది సార్, 108, 112 కూడా ఆ వరసలోనే ఉండాయి, ఒకటితో మొదలుపెట్టేది వద్దన్నా.

సాయంత్రం మిల్లు తిరుగుతాండగానే ఆఫీసు నుంచి వ్యాపారి 301 నొక్కినాడు. రింగుతో పాటు వెలిగే ఎర్ర లైటు గోడకి పెట్టినాం, హమాలీ ఒకాయన చూసి ఎత్తినాడు. లారీ గురించి అడుగుతాడేమో అనుకున్నా. "టీ తాగినారా?" అన్నాడు.