300 ప్లాన్‌కి 40 స్పీడా? ముందు వైఫై కార్డు చూడండి!

"300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా, ల్యాప్‌టాప్‌లో 40 దాటట్లేదు." వెంటనే నెట్ వాళ్లకి ఫోన్ కొడతారు. వాళ్లొచ్చి రౌటర్ ఆపి, ఆన్ చేసి వెళ్లిపోతారు. పక్కనే ఫోన్‌లో 280 వస్తుంటే లైన్‌ని తిట్టడమెందుకండీ? తప్పు ల్యాప్‌టాప్ లోపల సిగ్నల్ పట్టే చిన్న ముక్కది, అంటే వైఫై కార్డుది కావచ్చు.

మన హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు, ఓఆర్ఆర్ ఉంది కదా. గచ్చిబౌలిలో ఎక్కితే శంషాబాద్ దాకా దూసుకుపోవచ్చు, కానీ టూవీలర్‌కి ఎంట్రీ లేదు. మన రౌటర్లలో వైఫైకి సాధారణంగా రెండు దారులు, అవే బ్యాండ్లు. 5 గిగాహెర్ట్జ్ అంటే ఓఆర్ఆర్. 2.4 అంటే సాయంత్రం ఆరింటికి అమీర్‌పేట. మీది 2.4 ఒక్కటే పట్టే సింగిల్ బ్యాండ్ 802.11ఎన్ కార్డా, అంటే పాత వైఫై 4 రకమా? అయితే అది స్కూటీ. రౌటర్‌కి ఎన్ని వేలు పోసినా అమీర్‌పేటలోనే తిరగాలి. ఆ రోడ్డు మీదే పక్క ఫ్లాట్ల రౌటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్!

ఇప్పుడు లేన్లు. ఒక్క యాంటెనా ఎన్ కార్డుకి 2.4లో సాధారణంగా దొరికే దారి వెడల్పు 20 మెగాహెర్ట్జ్, అంటే ఒకే లేన్. లింక్ స్పీడు, అంటే కార్డుకీ రౌటర్‌కీ మధ్య కాగితం మీది వేగం, 72 ఎంబీపీఎస్. చేతికొచ్చేది సగం పైచిలుకు. ఆ 40 ఇక్కడిదే! వైఫై 5, అంటే 802.11ఎసి, 80 మెగాహెర్ట్జ్. ఒక వైపు నాలుగు లేన్లు, అచ్చం ఓఆర్ఆర్. రెండు యాంటెనాలుంటే లింక్ 867. కాకపోతే ఓఆర్ఆర్ మీ గుమ్మం దాకా రాదు. రెండు కాంక్రీట్ గోడలు అడ్డమొస్తే 5 గిగాహెర్ట్జ్ నీరసిస్తుంది.

[స్క్రీన్: కమాండ్ ప్రాంప్ట్]

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'నెట్‌ష్ డబ్ల్యూలాన్ షో డ్రైవర్స్' (netsh wlan show drivers) కొట్టండి. 'రేడియో టైప్స్ సపోర్టెడ్' లైన్‌లో 802.11ఎసి ఉంటే మీది కారే. కారుండీ అమీర్‌పేటలో ఇరుక్కుంటే డివైస్ మేనేజర్‌లో కార్డు ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్, 'ప్రిఫర్డ్ బ్యాండ్' 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి. వైఫై మధ్యమధ్యలో మాయమవుతుంటే అదే ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్‌కి వెళ్లి, పవర్ ఆదా కోసం కార్డుని ఆపేయొచ్చనే మొదటి టిక్ తీసేయండి.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. కార్డు మార్చడానికి సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి వెళ్తే, ఏఎండీ ప్రాసెసర్ ల్యాప్‌టాప్‌కి ఇంటెల్ ఏఎక్స్201 కార్డు కొనకండి, పని చేయదు. ఏఎక్స్210 అడగండి. 'వైఫై 6' అని రాసున్న చౌక యూఎస్‌బీ డాంగిల్స్‌లో కొన్ని 2.4 మాత్రమే పట్టుకుంటాయి. స్కూటీకి కారు స్టిక్కర్ అన్నమాట!

బిగించేముందు బ్యాటరీ కనెక్టర్ తీయండి. రెండు యాంటెనా వైర్ల కొసల్నీ కార్డు మీది పిన్నులపై నిటారుగా పెట్టి, క్లిక్‌మనేదాకా నొక్కండి. తర్వాత సిగ్నల్ ఒక్క గీతే చూపిస్తే డ్రైవర్ జోలికి పోకండి, మళ్లీ విప్పి ఆ వైర్లే చూడండి.