ఇరవై మూడుకు మూసుకునే తలుపు

(వ్యాయామ ఉపాధ్యాయులు, ఫుట్‌బాల్ ఆడే పిల్లల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో ఉన్న పీఈటీ సార్లకు, మేడమ్‌లకు, ఆదివారం పూట పనులు మానుకుని వచ్చిన అమ్మానాన్నలకు, బూట్లు కూడా విప్పకుండా వెనక బెంచీల మీద సర్దుకుని కూర్చున్న మా పిల్లలకు నమస్కారం.

2023 సెప్టెంబరు 19. చైనాలోని హాంగ్‌జౌ నగరం, హువాంగ్‌లాంగ్ స్టేడియం. ఆసియా క్రీడల్లో మన ఫుట్‌బాల్ జట్టుకు మొదటి మ్యాచ్, అదీ ఆతిథ్య దేశంతో. ఆ రోజు నేను బడి నుంచి తొందరగా ఇంటికొచ్చి టీవీ ముందు కూర్చున్నాను. మన జట్టు ముందు రోజు సాయంత్రమే అక్కడ విమానం దిగింది. చాలామంది కుర్రాళ్లు అంతకుముందు ఒకే జట్టుగా ఆడినవాళ్లు కారు. అయినా ఫస్ట్ హాఫ్ చూస్తుంటే ఛాతీ ఉప్పొంగింది. చైనా ఒక గోల్ కొట్టింది. తర్వాత వాళ్లకు పెనాల్టీ దొరికితే మన గోల్‌కీపర్ గుర్మీత్ దాన్ని ఆపేశాడు. విరామానికి ముందు రాహుల్ కేపీ కుడివైపు నుంచి పరుగెత్తుకెళ్లి, గోల్‌లైన్‌కు దాదాపు ఆనుకుని, అసలు కోణమే లేని చోటు నుంచి బంతిని లోపలికి పంపాడు. 1-1.

సెకండాఫ్‌లో కాళ్లు ఆగిపోయాయి. నాలుగు గోల్స్ పడ్డాయి. 5-1.

మర్నాడు బళ్లో ఒక పిల్లాడు నన్ను అడిగాడు: 'సార్, మనోళ్లకు ఆట రాదా?' ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఈ రోజు మీ ముందుకొచ్చాను.

ఆట వచ్చు నాన్నా. ఫస్ట్ హాఫ్ చూశావు కదా. రానిది ఏమిటంటే, ఆ ఆటను తొంభై నిమిషాలు నిలబెట్టే కలయిక. అది క్యాంపులో వస్తుంది. నెలల తరబడి ఒకే మెస్సులో తిని, ఒకే గ్రౌండ్‌లో తిట్లు తింటే వస్తుంది. ఆ కుర్రాళ్లకు మనం ఆ నెలలు ఇవ్వలేదు.

ఎందుకు ఇవ్వలేకపోయామో తెలియాలంటే అండర్-23 నిబంధన తెలియాలి. ప్రపంచ కప్‌కు పోటీగా ఇంకో ప్రపంచ కప్ తయారవకూడదని ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా పట్టుదల. మంచి ఆటగాళ్లు రావాలని ఒలింపిక్ కమిటీ కోరిక. ఆ రెండింటి మధ్య కుదిరిన రాజీ ఇది. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ నుంచి పురుషుల ఫుట్‌బాల్‌ను ఇరవై మూడేళ్ల లోపు వాళ్లకు పరిమితం చేశారు. 1996 అట్లాంటా నుంచి వయసు దాటిన ముగ్గుర్ని కలుపుకోనిచ్చారు. ఆసియా క్రీడల్లో ఈ పద్ధతి 2002 బుసాన్‌లో మొదలైంది. ఆడపిల్లల ఫుట్‌బాల్‌కు ఒలింపిక్స్‌లోనూ, ఆసియా క్రీడల్లోనూ ఈ వయసు గీత లేదు. అక్కడ పూర్తి సీనియర్ జట్లే ఆడతాయి.

రాజీగా పుట్టిన ఈ నిబంధన పెద్ద మేలే చేసింది. బార్సిలోనాలో స్వర్ణం గెలిచిన స్పెయిన్ కుర్రాళ్లలో, తర్వాత పెద్ద కోచ్‌లైన గార్డియోలా ఉన్నాడు, లూయిస్ ఎన్రికే ఉన్నాడు. అట్లాంటాలో నైజీరియా సెమీస్‌లో బ్రెజిల్‌ను 4-3తో, ఫైనల్‌లో అర్జెంటీనాను 3-2తో ఓడించింది. ఆఫ్రికాకు ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో అదే మొదటి స్వర్ణం. నాలుగేళ్ల తర్వాత సిడ్నీలో కామెరూన్ గెలిచింది, ఆ జట్టులో తర్వాత పెద్ద స్టార్ అయిన ఎటో అనే కుర్రాడున్నాడు. సీనియర్ ప్రపంచ కప్‌లో తలుపు దగ్గరే ఆగిపోయే దేశాలకు ఇక్కడ లోపలికి దారి దొరికింది. మన దేశం వాడుకోవలసిన దారి సరిగ్గా ఇదే.

ఈ దారికి ఒక చిక్కుంది. ఒలింపిక్స్, ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌కు ఆటగాళ్లను తప్పనిసరిగా వదలాలని క్లబ్బులకు నిబంధన లేదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు మెస్సీని పంపడం మీద అతను ఆడే బార్సిలోనా క్లబ్ క్రీడా న్యాయస్థానం దాకా వెళ్లింది. వదలక్కర్లేదని తీర్పు కూడా వచ్చింది. ఆ తర్వాత, అప్పటికి ఆ క్లబ్ కోచ్ అయిన గార్డియోలా ఒప్పుకున్నాడు కాబట్టి మెస్సీ ఆడాడు, అర్జెంటీనా స్వర్ణం గెలిచింది. మెస్సీకే ఆ తిప్పలు తప్పలేదంటే మన పిల్లల సంగతి చెప్పాలా? 2023లో మన క్లబ్బుల పోటీ ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) సీజన్ సెప్టెంబరు 21న మొదలైంది, చైనాతో మ్యాచ్‌కు సరిగ్గా రెండు రోజుల తర్వాత. క్లబ్బులకు వాళ్ల మ్యాచ్‌లు, వాళ్ల లెక్కలు. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. మొదట ప్రకటించిన జాబితా చెదిరిపోయింది. ఎవర్ని వదిలితే వాళ్లతో జట్టు కట్టారు. వయసు దాటినవాళ్ల కోటాలో వచ్చిన ముప్ఫై తొమ్మిదేళ్ల సునీల్ ఛెత్రి ఆ కుర్రాళ్ల మధ్య నిలబడి బంగ్లాదేశ్ మీద పెనాల్టీ కొట్టి గెలిపించాడు, మయన్మార్ మీద ఇంకోటి కొట్టి డ్రా చేయించాడు. ప్రీక్వార్టర్స్‌లో సౌదీ అరేబియా చేతిలో 0-2తో ఓడి ఇంటికొచ్చారు. ఆ పరిస్థితుల్లో అంత దూరం వెళ్లడమే గొప్ప. ఆ కుర్రాళ్లకు ఇక్కడి నుంచే దండం పెడుతున్నాను.

నన్ను ఎక్కువగా బాధించేది మాత్రం 2023 కాదు, 2018. ఆ ఏడాది జకార్తా ఆసియా క్రీడలకు మన ఫుట్‌బాల్ జట్టును పంపనే లేదు. ఆసియాలో మొదటి ఎనిమిది స్థానాల్లో ఉన్న జట్లనే పంపుతామని భారత ఒలింపిక్ సంఘం నిబంధన పెట్టింది. అప్పుడు మన సీనియర్ జట్టు ఫిఫా ర్యాంకుల్లో తొలి వందలో ఉంది, కానీ ఆసియా మొదటి ఎనిమిదిలో లేదు. సీనియర్ల ర్యాంకు చూసి కుర్రాళ్ల పోటీని కొట్టేశారు.

ఇక్కడ కొంచెం లెక్క వేద్దాం. 2018లో ఆడాలంటే 1995 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టి ఉండాలి. కొవిడ్ వల్ల ఏడాది వాయిదాపడిన హాంగ్‌జౌ క్రీడలకు ఆ గీత 1999 జనవరి 1. అంటే 1995, 96, 97, 98లో పుట్టిన పిల్లలు అంతకుముందు 2014 క్రీడల నాటికి మరీ చిన్నవాళ్లు, 2023 నాటికి వయసు దాటినవాళ్లు. వాళ్లకంటూ ఉన్నది ఒక్క 2018. లాలియన్‌జువాలా ఛాంగ్టే 1997 జూన్‌లో పుట్టాడు. అనిరుధ్ థాపా 1998 జనవరిలో పుట్టాడు. ఇద్దరూ తర్వాత దేశానికి ఎన్నో మ్యాచ్‌లు ఆడారు. కానీ ఆసియా క్రీడల కుర్రాళ్ల జట్టు చొక్కా మాత్రం వాళ్లకు అందలేదు. సినిమా టికెట్ ఈ వారం దొరక్కపోతే వచ్చే వారం వెళ్తాం. ఇరవై ఒకటో ఏడు మళ్లీ రాదు కదా.

మరి అదే 2018లో జపాన్ ఏం చేసిందో చూడండి. ఇరవై మూడు దాకా అవకాశం ఉన్నా ఇరవై ఒకటి లోపు వాళ్లనే పంపింది. ముగ్గురు పెద్దవాళ్లను కలుపుకోవచ్చు, ఒక్కర్నీ కలపలేదు. ఎందుకంటారా? రెండేళ్ల తర్వాత రావలసిన ఒలింపిక్స్ నాటికి వీళ్లకే ఇరవై మూడు నిండుతుంది. అక్కడ ఆడబోయే జట్టుకు ఇక్కడ పరీక్ష పెట్టారన్నమాట. ఆ జట్టులో కాలేజీ విద్యార్థులు కూడా ఉన్నారు. సుకుబా విశ్వవిద్యాలయంలో చదువుతున్న మితోమా ఒకడు. ప్రొఫెషనల్ క్లబ్ పిలిచినా, నా ఒళ్లు ఇంకా సిద్ధంగా లేదని చదువుకోవడానికి వెళ్లినవాడు. చివరి ఏడాది ప్రాజెక్టు రిపోర్టు కూడా డ్రిబ్లింగ్ (బంతిని కాలితో నడిపించుకుంటూ ఎదుటివాళ్లను దాటడం) మీదే రాశాడు. ఆ పిల్లల జట్టు ఫైనల్ దాకా వెళ్లింది. వయసు దాటిన స్టార్ ఆటగాడు సాన్ హ్యూంగ్-మిన్‌ను కలుపుకుని దిగిన దక్షిణ కొరియా చేతిలో అదనపు సమయంలో 1-2తో ఓడింది. కొరియా వాళ్లకు స్వర్ణం వస్తే తప్పనిసరి సైనిక సేవ నుంచి మినహాయింపు దొరుకుతుంది, కాబట్టి ప్రాణం పెట్టి ఆడారు. ఓడిన జపాన్ మాత్రం కంగారుపడలేదు. నాలుగేళ్లకు ఖతార్ ప్రపంచ కప్‌లో స్పెయిన్ మీద, గీత దాటబోతున్న బంతిని రెండు మిల్లీమీటర్ల లోపు తేడాతో లోపలికి లాగి గోల్‌కు అందించింది ఆ మితోమానే.

అంతకుముందు కూడా వాళ్లది ఇదే దారి. 2010లో గ్వాంగ్‌జౌలో ప్రీక్వార్టర్స్‌లో మనల్ని 5-0తో కొట్టింది జపాన్. చాలామందికి తెలియదేమో, అది కూడా ఇరవై ఒకటి లోపు కుర్రాళ్ల జట్టే. ఐదు గోల్స్‌తో ఆ పోటీలో ఎక్కువ స్కోరు చేసిన నగాయ్ అప్పటికి ఫుకుఓకా విశ్వవిద్యాలయం విద్యార్థి. ఆ జట్టు స్వర్ణం గెలిచింది. అదే కోచ్ కింద, అదే నగాయ్ ఆడిన జట్టు రెండేళ్లకు లండన్ ఒలింపిక్స్‌లో స్పెయిన్‌ను ఓడించి నాలుగో స్థానం దాకా వెళ్లింది.

ఇదంతా జపాన్‌కే సాధ్యం, మనవల్ల కాదు అనుకుంటున్నారా? ఒక్కసారి మన హైదరాబాద్ గల్లీల్లోకి రండి.

సయ్యద్ అబ్దుల్ రహీం. మనలాగే బడిపంతులు. కాచిగూడలోనూ, చాదర్‌ఘాట్‌లోనూ పిల్లలకు పాఠాలు చెప్పినవాడు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఆయన కోచ్‌గా ఉన్న జట్టు ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 1962 జకార్తాలో మళ్లీ స్వర్ణం. ఆ ఫైనల్లో మొత్తం స్టేడియం మనకు వ్యతిరేకంగా అరుస్తుంటే దక్షిణ కొరియాను 2-1తో కొట్టారు. గ్రూప్ దశలో మనల్ని 2-0తో ఓడించిన జట్టు అది. తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ను డిఫెన్స్ నుంచి తీసి ముందు వరుసలో ఆడించారు రహీం సార్. అతను గోల్ కొట్టాడు. అప్పటికే రహీం సార్‌ను క్యాన్సర్ తినేస్తోంది. మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశారు.

ఈ పతకాలు అందరికీ తెలిసినవే. నేను చెప్పదలచుకున్నది వాటి వెనక ఉన్న పని గురించి. రహీం సార్ కుర్రాళ్లకు వింత పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి అందగానే పాస్ ఇచ్చేయాలి. ఇంకో పోటీలో వాటం లేని కాలితోనే ఆడాలి. కుడి కాలివాడు ఎడమ కాలితో, ఎడమ కాలివాడు కుడి కాలితో. పొట్టి పిల్లలకని విడిగా మరో పోటీ. పెద్ద ఒళ్లున్నవాడు తోసేస్తుంటే చిన్నవాడి తెలివి బయటపడదని ఆయనకు తెలుసు.

సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో తులసీదాస్ బలరామ్ అనే పేద కుర్రాడుండేవాడు. సాధనకు రమ్మని రహీం సార్ పిలిస్తే, అంత దూరం రావడానికి డబ్బుల్లేవన్నాడు. సైకిల్ అద్దెకు రోజుకో రూపాయి ఇచ్చి రప్పించుకున్నారాయన. ఇరవై ఏళ్లు నిండీ నిండని వయసులో ఆ కుర్రాడు మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు. నాలుగేళ్లకు రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద గోల్ కొట్టాడు. జకార్తా స్వర్ణంలోనూ ఉన్నాడు. 2023 ఫిబ్రవరిలో ఆయన పోయినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ అద్దె సైకిలే. అప్పట్లో అండర్-23 అనే గీత లేదు. అయినా కుర్రవయసును వృథా పోనివ్వకూడదని ఒక బడిపంతులు తన జేబులోంచి రూపాయి తీశాడు.

1974లో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా యూత్ పోటీలో ఇరాన్‌తో కలిసి సంయుక్త విజేతలుగా నిలిచిన మన కుర్రాళ్ల జట్టు కెప్టెన్ షబ్బీర్ అలీ కూడా హైదరాబాద్ వాడే. ఆ తర్వాత ఆ వరుస తెగిపోయింది. దాన్ని ఢిల్లీ వాళ్లో, క్లబ్బుల వాళ్లో వచ్చి అతికిస్తారని కూర్చుంటే మన పిల్లల వయసు అయిపోతుంది.

ఇప్పుడు నా సొంత సంగతి ఒకటి చెబుతాను. పదేళ్ల కిందట మా దగ్గర ఒక లెఫ్ట్ వింగర్ ఉండేవాడు. బంతి వాడి కాలికి అంటుకుపోయినట్టుండేది. అండర్-16 సెలెక్షన్‌లో నెగ్గాడు. కాగితాల పరిశీలన దగ్గర ఆగిపోయాడు. బళ్లో చేర్చుకునేటప్పుడు నోటికొచ్చిన తేదీ వేసి రిజిస్టర్ నింపేశారు. ఆ లెక్కన వాడికి రెండేళ్లు ఎక్కువ. అసలు జనన ధ్రువీకరణ పత్రం తెచ్చేసరికి జట్టు రైలెక్కేసింది. వాళ్లమ్మ ఆ కాగితం పట్టుకుని నా దగ్గరకొచ్చి, 'ఇప్పుడు దీన్నేం చేసుకోమంటారు సార్?' అంది. ఆ ప్రశ్నకు నా దగ్గర ఈ రోజుకీ జవాబు లేదు. ఆ పిల్లాడు మళ్లీ గ్రౌండ్‌కు రాలేదు.

కాబట్టి పీఈటీ సార్లూ, మీరు చేతులెత్తి మొక్కమంటే మొక్కుతాను. ఆరో తరగతిలో చేరిన ప్రతి పిల్లవాడి పుట్టిన తేదీ అసలు పత్రంతో సరిచూసుకోండి. వయసు తగ్గించి రాయించే పని ఎవరడిగినా చేయకండి. ఎముకల పరీక్షలో, ఎమ్మారైలో ఎలాగూ బయటపడుతుంది. పడకపోయినా, నిజంగా ఆ వయసున్న ఇంకో పిల్లాడి చోటు పోతుంది. ఇంకో మాట. వయసు గీత జనవరి 1న పెడతారు కాబట్టి జనవరి, ఫిబ్రవరిలో పుట్టినవాడు డిసెంబరువాడి కంటే దాదాపు ఏడాది పెద్ద. పన్నెండేళ్ల వయసులో ఆ ఏడాది తేడా ఎత్తులో బాగా కనపడుతుంది. సెలెక్షన్లలో పొడుగువాళ్లనే ఏరుకుని, డిసెంబరు పిల్లల్ని ఇంటికి పంపేస్తున్నాం. వాళ్లను ఇంకో రెండేళ్లు చూడండి.

అమ్మానాన్నలకు కూడా ఒక మనవి. టెన్త్ అయ్యాక ఇంటర్ రెండేళ్లూ గ్రౌండ్ మాన్పించేస్తున్నారు. మీ భయం నాకు తెలుసు, నేనూ తండ్రినే. కానీ పదహారు, పదిహేడు ఏళ్లప్పుడే ఒళ్లు ఆటకు కుదురుకుంటుంది. రోజుకు గంట చాలు. ఆ గంట ఇవ్వండి.

వచ్చే ఆదివారం పొద్దున ఆరున్నరకు మా బడి గ్రౌండ్‌లో వాటం లేని కాలి పోటీ పెడుతున్నాం. జట్టుకు ఏడుగురు, సగానికి పదిహేను నిమిషాలు. వాటమున్న కాలు తగిలితే బంతి అవతలి జట్టుకు. బూట్లు లేని పిల్లలు కూడా రావచ్చు, మా స్టోర్‌రూములో ఇరవై జతలు తుడిచిపెట్టాం. వచ్చేటప్పుడు జనన ధ్రువీకరణ పత్రం జిరాక్స్ ఒకటి తీసుకురండి. దూరం నుంచి వచ్చే పిల్లలుంటే ముందుగా నాకు చెప్పండి, బస్ ఛార్జీ మేం చూసుకుంటాం.