రేట్లు పడితే ఎవరికి పండగ (చివర్లో కొంచెం క్రిప్టో)

సుధ: ఆఁ, రికార్డ్ అవుతోంది. నమస్తే అందరికీ. పోయిన వారం రాలేదు, ఎందుకు రాలేదో కుక్కర్ ఎపిసోడ్ విన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు.

మల్లేశ్: దాని ముచ్చట ఎత్తొద్దని అనుకున్నం గదా.

సుధ: ఎత్తను. ఇవాళ టాపిక్, మన పాడ్‌కాస్ట్ వినే రాజమండ్రి సార్ మెయిల్ మీద మెయిల్ పెట్టి మరీ అడిగింది. ధరలు పెరగడం మంచిదా తగ్గడం మంచిదా, ఈ రెండు గొడవలూ లేకుండా క్రిప్టో డబ్బుగా పనికొచ్చిద్దా. అరగంటలో తేల్చేద్దాం.

మల్లేశ్: (నవ్వు) అరగంటల. సరే, నేనొక లెక్కతోని మొదలుపెడ్త. 2025 జూన్‌ల దేశం మొత్తం రిటైల్ ద్రవ్యోల్బణం, అంటే ఏడాదిల ధరలు పెరిగిన లెక్క, 2.1 శాతం. మా తెలంగాణల మైనస్ 0.93. మీ ఆంధ్రల సున్నా. కరెక్టుగ సున్నా.

సుధ: అదే నెల కేరళలో 6 దాటింది. రూపాయి ఒకటే, రిజర్వ్ బ్యాంకు ఒకటే.

మల్లేశ్: వాళ్ళది కొబ్బరినూనె బాధ, అది వేరే. నేనేమంటున్ననంటే, మైనస్ అనంగనే టీవీలల్ల ఏదో కొంప మునిగినట్టు చర్చలు. కూరగాయలు అగ్గువైనయ్, పప్పులు అగ్గువైనయ్, మా అమ్మైతే మస్తు ఖుషీ. ఎవలకు నష్టం?

సుధ: పండించినోడికి. అదే 2025లో గుంటూరు యార్డు సంగతి చూడు. ముందటేళ్ళలో 20 వేలు దాటి పలికిన క్వింటా మిర్చి అడ్డంగా పడిపోయి, ఫిబ్రవరిలో కేంద్రం 11,781 అని ఒక రేటు కట్టాల్సొచ్చింది, ఇటు కోతకూలీ తగ్గలా, కౌలు తగ్గలా, పురుగుమందుల కొట్లో ఖాతా తగ్గలా.

మల్లేశ్: అది డిఫ్లేషన్ ఎట్లయితది చెల్లె, ఒక్క పంట రేటు పడుడు. డిఫ్లేషన్ అంటే కూలితోని సహా అన్నీ కలిసి పడాలె.

సుధ: ఒప్పుకుంటా. తెలంగాణ మైనస్ కూడా అసలు డిఫ్లేషన్ కాదు ఆ మాటకొస్తే, అంతకుముందేడు కూరగాయలు మండిపోయినయ్ కాబట్టి దాంతో పోలిస్తే తక్కువ కనపడింది. కానీ ఒక్కటి చెప్పు, అప్పున్న రైతుకి తేడా ఏముంది? పంటొక్కటే పడ్డా, అన్నీ పడ్డా, ప్రోనోటు మీద అంకె అదే.

మల్లేశ్: అప్పు లేనోని సంగతి గూడ మాట్లాడాలె గదా మరి. మా నాయన రిటైర్ అయినంక వచ్చిన పైసలన్నీ తీస్కపోయి ఎఫ్‌డీల పెట్టిండు, ఒక్కరి దగ్గర అప్పు చెయ్యలే, ఒక్కరిని ముంచలే. సర్కారేమో 2016ల ధరలు ఏడాదికి 4 శాతం పెరుగుడు మా టార్గెట్ అని రాసుకుంది, అటు రెండు ఇటు రెండు. ఏడాదికి 4 చొప్పున పోతే 18 ఏండ్లల్ల ఆ పైసల విలువ సగం. పద్ధతి ప్రకారం జేబు కొట్టుడే ఇది.

సుధ: వడ్డీ వచ్చిద్ది కదన్నా.

మల్లేశ్: వడ్డీ మీద టాక్స్ గూడ వస్తది. అందుకే నేననేది, నిజాం హాలీ సిక్కా ఉన్నప్పుడు...

సుధ: వచ్చేసింది! వచ్చేసింది. ఇవాళ హాలీ ముచ్చట ఎప్పుడు ఎత్తుతాడని పందెం కాసినోళ్ళు టైమ్ రాసుకోండి.

మల్లేశ్: నవ్వుకోండ్రి. పాత నిజాం రూపాయి, 11 గ్రాములు, అండ్ల వెండి 9 గ్రాములకు పైన. మా తాత పెట్టెల దాచిన సిక్కా ఇయ్యాల కరగబెడితే, కిలో వెండి లక్ష దాటి ఎక్కడికో పోయింది గదా, ఆ ఒక్క రూపాయికి 900 పైన్నే వస్తయి. ఇప్పుడు నువ్వు ఒక రూపాయి బిళ్ళ దాచి నీ మనవనికి ఇయ్యి, ఏమొస్తదో చూద్దం.

సుధ: బాగుంది, దాచుకున్నోడి లెక్క బాగుంది. అదే తాత ఎవరికన్నా వంద హాలీ బాకీ ఉండుంటే?

మల్లేశ్: మా తాత బాకీ ఉండేటోడు కాదు.

సుధ: అందరూ మీ తాతలు కాదుగా! మా వైపు సంగతి చెప్తా విను. 1929లో అమెరికాలో మార్కెట్ కూలింది, రెండు మూడేళ్ళలో కృష్ణా గోదావరి డెల్టాలో ధాన్యం రేటు సగానికి దగ్గరగా పడిపోయింది. ఒక బస్తా 10 రూపాయలు అనుకో, లెక్క తేలిగ్గా ఉండటానికి చెప్తున్నా, వంద అప్పు తెచ్చాడు, అంటే 10 బస్తాలు. తీర్చే నాటికి బస్తా 5. అదే వంద ఇప్పుడు 20 బస్తాలు. వడ్డీ కాకుండా. శిస్తు కూడా రూపాయల్లోనే కట్టాలి, అదీ తగ్గలా. వాడు తాగలేదు, జూదమాడలేదు, పంట కూడా బానే పండింది, అయినా పొలం పోయింది.

మల్లేశ్: ఆ టైంల బంగారం అమ్ముకున్నరు జనం.

సుధ: అదే. 1931 సెప్టెంబర్‌లో బ్రిటన్ గోల్డ్ స్టాండర్డ్, అంటే డబ్బు విలువని బంగారానికి కట్టేసే పద్ధతి, వదిలేసింది, రూపాయల్లో బంగారం రేటు పెరిగింది, ఊళ్ళల్లో ఆడాళ్ళ మెడలో ఉన్నదంతా షావుకారు దగ్గరికి, అక్కణ్ణుంచి బొంబాయి, బొంబాయి నుంచి ఓడల్లో లండన్‌కి. దీన్నే మన పుస్తకాల్లో "భారత్ బంగారం ఎగుమతి చేసింది" అని ఒక్క లైన్లో రాసేశారు. ఎగుమతి అంట! పుస్తెలు అమ్ముకోవడం ఎగుమతా?

మల్లేశ్: (కొంచెం ఆగి) అది నిజమే.

సుధ: చివరికి రాజాజీ ప్రభుత్వం 1938లో మద్రాసు రాష్ట్రంలో రైతుల అప్పుల చట్టం తేవాల్సొచ్చింది. 1932 అక్టోబరుకి ముందు చేసిన అప్పైతే, 1937 అక్టోబరు 1 దాకా పేరుకున్న వడ్డీ మొత్తం కొట్టేశారు. అసలుకి రెండింతలు అప్పటికే కట్టినోడికైతే ఇంక బాకీయే లేదు. డబ్బు అంత గట్టిదైపోతే చివరికి కాయితాలు చింపాల్సి వచ్చిద్దన్నా, ఇంకో దారి లేదు.

మల్లేశ్: మరి అప్పిచ్చినోడు? ఆయనేం పాపం చేసిండు?

సుధ: ఏ పాపం చెయ్యలేదు, పదేళ్ళు లాభం తిన్నాడు. ఇర్వింగ్ ఫిషర్ అని అమెరికా ఆర్థికవేత్త 1933లో ఇదే రాశాడు, అందరూ ఒకేసారి అప్పులు తీర్చడానికి ఉన్నవి అమ్మేస్తుంటే ధరలు ఇంకా పడతాయి, ధరలు పడితే మిగిలిన అప్పు ఇంకా బరువెక్కిద్ది, అంటే కట్టే కొద్దీ పెరుగుతున్నట్టే.

మల్లేశ్: ఆ ఫిషరేనా, 1929 అక్టోబర్‌ల షేర్ల రేట్లు ఇగ కిందికి రావని చెప్పి ఆస్తంతా పోగొట్టుకున్నది?

సుధ: ఆయనే. పోగొట్టుకున్నాడు కాబట్టే అంత బాగా రాశాడేమో.

మల్లేశ్: సరే నువ్వు ఒక్క దిక్కే చెప్తున్నవ్. ఫోన్లు, టీవీలు ఏటేటా అగ్గువైతయి, కొనుడు ఆపిండ్రా ఎవలన్నా? అమెరికల 1870ల నుంచి 1890ల దాకా ధరలు పడుకుంటనే వచ్చినయ్, ఆ టైంలనే రైళ్ళు, ఫ్యాక్టరీలు, ఉక్కు, అన్నీ పెరిగినయ్. సరుకు ఎక్కువ తయారై రేటు తగ్గితే మంచిదే. జనం కొననీకి పైసల్లేక తగ్గితే చెడ్డది. రెండిటినీ ఒక్క గాటన కట్టకు.

సుధ: అది మంచి పాయింటే, తీసుకుంటా. కానీ ఆ పాతికేళ్ళు అక్కడ రైతులు సంతోషంగా ఉన్నారా? 1896లో బ్రయాన్ అనే నాయకుడు అధ్యక్ష పదవికి పోటీ చేసింది దేని మీద? బంగారం ఒక్కటే కాదు, వెండి కూడా నాణేలు కొట్టండి, డబ్బు పెంచండి, మా అప్పులు తీరతాయి అని. ఓట్లేసింది పడమటి రాష్ట్రాల రైతులు.

మల్లేశ్: వెండి! చూసినవా, వెండి!

సుధ: అన్నా, అక్కడ వెండి ఇన్‌ఫ్లేషన్ పార్టీ అన్నా. గనుల్లో వెండి విపరీతంగా దొరికి రేటు పడిపోయింది కాబట్టే అడిగారు. నీ గట్టి డబ్బు అక్కడ పల్చటి డబ్బు. మనదగ్గర కూడా అంతే, వెండి పడిపోతుంటే రూపాయి కూడా పడిపోతోందని 1893లో జనం తెచ్చిన వెండికి నాణేలు కొట్టివ్వడం బ్రిటిష్ వాళ్ళు ఆపేశారు.

మల్లేశ్: ...ఇది నువ్వు ముందే దాచిపెట్టుకున్నవ్.

సుధ: (నవ్వు) నిన్న రాత్రి నుంచి.

మల్లేశ్: బ్రిటిషోళ్ళ రూపాయి, కల్దార్ అంటరు, దాని ముచ్చట వదిలెయ్, 1940ల దాంట్ల వెండి సగానికి తగ్గించిండ్రు, తర్వాత నికెల్ జేసిండ్రు. హైదరాబాద్ సంస్థానంల రెండూ నడిచేటియి తెలుసా, హాలీ, కల్దార్. వంద కల్దార్‌కు 116 రూపాయల 10 అణాల చిల్లర హాలీ. బజార్ల ఒకటి, రైలు స్టేషన్ల ఒకటి. 1959 దాకా ఉండె.

సుధ: మధ్యలో మార్చేవాడు ఏం తినేవాడు?

మల్లేశ్: బట్టా తింటడు, మార్చినందుకు కమీషన్. ఎందుకు?

సుధ: ఎందుకంటే ఇప్పుడు క్రిప్టోలోకి వెళ్తున్నాం, ఎక్స్‌చేంజీ అంటే అదే కాబట్టి. టైమ్ చూడు.

మల్లేశ్: అయిపోయిందా అరగంట? సరే తొందరగ. బిట్‌కాయిన్, 2 కోట్ల 10 లక్షలు, అంతకంటె ఎక్కువ ఎప్పటికీ రావు. 2009ల మొదలైంది, నాలుగేండ్లకోసారి కొత్తగ వచ్చేది సగం అయితది, 2024 ఏప్రిల్ నుంచి, లావాదేవీలు రాసే ఒక్కో బ్లాకుకు 3.125 కాయిన్లే. ఏ గవర్నరూ ముద్రించలేడు. నాకు ఇది నచ్చింది, దాచుకుంట లేను కని నచ్చింది.

సుధ: నచ్చిద్ది నీకు, నువ్వు తాత పార్టీ. కానీ నిజంగా జీతాలు, అప్పులు, అద్దెలు అన్నీ అందులోనే రాసుకున్నామనుకో. సరుకు పెరుగుతుంటది, నాణేలు పెరగవు, ధరలు పడుతూనే ఉంటాయి. 20 ఏళ్ళ ఇంటి లోన్ బిట్‌కాయిన్‌లో తీసుకునే ధైర్యం ఎవరికుంది? 1930ల బస్తా లెక్కే.

మల్లేశ్: ఇప్పుడైతే తీరుగ పడుడు గూడ లేదు గదా, ఊగుడే. 2021 నవంబర్‌ల 69 వేల డాలర్ల దగ్గర, ఏడాదికి 16 వేలు.

సుధ: ఎల్ సాల్వడార్ వాళ్ళు 2021 సెప్టెంబర్‌లో చట్టబద్ధమైన డబ్బు అని ప్రకటించారు, చీవో అని యాప్ పెట్టి దిగితే 30 డాలర్లు ఇస్తామన్నారు. జనం 30 డాలర్లు తీసుకుని ఖర్చుపెట్టుకున్నారు, చాలామంది మళ్ళీ యాప్ తెరవలేదు. ఐఎంఎఫ్ అప్పు కావాల్సొచ్చేసరికి 2025 జనవరిలో చట్టం మార్చి, ఇష్టమున్నోళ్ళు తీసుకోండి లేకపోతే లేదు అన్నారు.

మల్లేశ్: గల్ఫ్ నుంచి పైసలు పంపేటోళ్ళకు మాత్రం పనికొస్తదన్న ఆశ ఉండె నాకు. జగిత్యాల, నిజామాబాద్ దిక్కు ఇంటికొకలు ఉంటరు, కమీషన్లకే ఎంత పోతదో.

సుధ: అందుకు జనం ఎక్కువగా వాడేది డాలర్‌కి కట్టేసిన కాయిన్లు. అంటే ప్రభుత్వాల డబ్బు వద్దని బయల్దేరి, తిరిగి తిరిగి అమెరికా డాలర్ దగ్గర ఆగారు. నాకు నవ్వొచ్చేది అక్కడే.

మల్లేశ్: నవ్వకు. మా బామ్మర్ది క్రిప్టోల పెట్టిన పైసలు ఇంకా ఇరుక్కునే ఉన్నయ్.

సుధ: అయ్యో, ఇంకా రాలేదా?

మల్లేశ్: ఎక్కడియి. ఆ ఎక్స్‌చేంజ్ పేరు చెప్పను గని, మెయిల్ పెడ్తె "ప్రాసెస్‌ల ఉంది" అని జవాబు. వాడు బ్యాంకుల మీద నమ్మకం లేక అండ్ల పెట్టిండు చూడు. అండ్ల పెండ్లి పైసలు గూడ ఉన్నయ్. మా అక్కకు ఇంకా తెల్వదు... ఇది కట్ చెయ్యి, వింటది.

సుధ: అక్క వినదులే మన పాడ్‌కాస్ట్.

మల్లేశ్: అది గూడ నిజమే.

సుధ: పోయింది పోగా, వాడు ఇంకోదాంట్లో సంపాదించినా ఈ నష్టం అందులో చూపించుకోవడానికి లేదు తెలుసా? 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం, నష్టం దేనికీ సర్దుబాటు కాదు. జూలై నుంచి ఒక పరిమితి దాటిన అమ్మకాల మీద 1 శాతం టీడీఎస్, అంటే ముందే పన్ను కోత. దాంతో టీ కొనుక్కుంటే టీకి కూడా లెక్క రాయాలి, ఇంక డబ్బు ఎట్లా అయిద్ది?

మల్లేశ్: రిజర్వ్ బ్యాంకు ఈ-రూపాయి, డిజిటల్ రూపాయి, ఉంది గదా, 2022 డిసెంబర్‌ల ప్రయోగంగ జనానికి ఇచ్చిండ్రు.

సుధ: నీ ఫోన్లో ఉందా?

మల్లేశ్: లేదు.

సుధ: నా ఫోన్లోనూ లేదు. ఫోన్‌పే ఉండగా ఎందుకు అంటారు జనం. సరే, చివరిగా ఒక ప్రశ్న, నల్గొండ నుంచి ఒకామె పంపింది. "ధరలు పడిపోతున్న రోజుల్లో చిట్టీ ముందు పాడుకోవాలా, చివరిదాకా ఆగాలా?" మంచి ప్రశ్న.

మల్లేశ్: చివరిదాకా ఆగాలె, అనుమానమే లేదు. చివర్ల వచ్చే రూపాయి బరువైన రూపాయి.

సుధ: ముందు పాడినోడు కట్టే వాయిదాలు కూడా బరువైన రూపాయలేగా. అంటే వాడు మునిగినట్టే.

మల్లేశ్: అందుకే ఎవలూ ముందు పాడరు, పాట కిందికి పడిపోతది, డివిడెండ్ రాదు, ఆగినోనికి ఏం మిగల్తది ఇగ?

సుధ: పాడతారన్నా. ఆసుపత్రి బిల్లు ఉన్నోడు ఎంతకైనా పాడతాడు, వాడు ధరల సూచీ చూసి పాడడు.

మల్లేశ్: అట్లయితే ఆసుపత్రోని కష్టం మీద చిట్టీల మిగతోళ్ళందరు...

సుధ: అదే నేను ఇందాకట్నుంచి చెప్పేది!

మల్లేశ్: కాదు కాదు, ఇక్కడ తేడా ఉంది, షావుకారు వేరు చిట్టీ వేరు, చిట్టీల నష్టపోయేది గూడ మనోడే, లాభపడేది గూడ మనోడే, హాలీ టైంల...

సుధ: అన్నా, కార్డు నిండిపోతోంది, ఎర్ర లైటు.

మల్లేశ్: ఒక్క నిమిషం, ఇది చెప్పి ఆపేస్త, హాలీ టైంల చిట్టీలు ఎట్ల నడిచేటియంటే, కల్దార్‌ల కట్టేటోడు