తూము దగ్గర చెప్పిన మాట

శ్రోతలకు నమస్కారం.

మా వీధిలో పిల్లలు ముగ్గురు కెనడాలోని టొరంటోలో ఉద్యోగాలు చేస్తున్నారు. మీ ఇళ్లలోనూ అక్కడికి వెళ్లినవాళ్లు ఉండే ఉంటారు. ఆ నగరానికి ఒకప్పుడు మేయర్‌గా చేసిన బార్బరా హాల్ గురించి ఈ పూట మాట్లాడతాను. కోనసీమలో ప్లీడరుగా 40 ఏళ్లు గడిపినవాణ్ని. ఆవిడ సంగతి ఎప్పుడు చదివినా నాకు మా ఊరి తూము గుర్తుకొస్తుంది.

ఆవిడా లాయరే. 1985లో టొరంటో కౌన్సిలర్‌గా గెలిచారు, 1994లో మేయర్ అయ్యారు. నగరం నడిబొడ్డున, కింగ్ స్ట్రీట్ పొడవునా, మూతబడ్డ ఫ్యాక్టరీలూ గోదాములూ ఉండేవి. అక్కడ పరిశ్రమ తప్ప మరొకటి పెట్టకూడదన్న నిబంధనను ఆవిడ హయాంలో సడలించారు. ఇళ్లూ, కొట్లూ, ఆఫీసులూ వచ్చి ఆ పేటలు మళ్లీ కళకళలాడాయి. ఇంతలో ఒంటారియో రాష్ట్ర ప్రభుత్వం చుట్టుపక్కల మునిసిపాలిటీలన్నీ కలిపి ఒకే మహానగరం చేస్తామంది. ఆవిడ గట్టిగా వ్యతిరేకించారు. ప్రజల్లో ఎక్కువమంది కూడా వద్దనే ఓటు వేశారు. అయినా విలీనం ఆగలేదు. కొత్త నగరానికి 1997లో జరిగిన ఎన్నికలో ఆవిడ ఓడిపోయారు. 2003లో మళ్లీ నిలబడ్డారు. మొదట్లో అందరికంటే ముందున్న మనిషి, చివరికి నూటికి తొమ్మిది ఓట్లతో మూడో స్థానంలో మిగిలారు.

2005లో రాష్ట్ర ప్రభుత్వం ఆవిడను ఒంటారియో మానవ హక్కుల కమిషన్‌కు అధిపతిగా నియమించింది.

అక్కడ ఆవిడ చేసిన ఒక పని నాకు చాలా ఇష్టం. ఒంటారియోలో చెరువుల గట్ల మీద, వంతెనల మీద గాలం వేసుకుని కూర్చునే ఆసియా జాతులవాళ్ల మీద దాడులు జరిగేవి. తిట్టేవారు, నీళ్లలోకి తోసేసేవారు. గాలం వేసుకుని మధ్యాహ్నమంతా కాలవ గట్టున కూర్చునే మనవాళ్లను తలచుకోండి, ఆ అవమానం ఎలాంటిదో తెలుస్తుంది. 2007లో కమిషన్ విచారణ మొదలుపెట్టింది. మీకేం జరిగిందో చెప్పండని ఫోన్ నంబరు ఇచ్చింది. చెప్పినవన్నీ రాసుకుంది. పోలీసులతో, స్థానిక సంస్థలతో కూర్చుని ఎవరు ఏం చేయాలో మాట తీసుకుంది. 2008 మేలో నివేదిక బయటపెట్టింది.

ఆ నివేదికకు నెల ముందు, అదే ఏడాది ఏప్రిల్‌లో, గొడవ వచ్చింది. మాక్లీన్స్ అనే వారపత్రికలో ముస్లింల గురించి వచ్చిన ఒక వ్యాసం మీద అక్కడి ముస్లిం సంఘం ఒకటి ఫిర్యాదు చేసింది. పత్రికల్లో రాసినదాన్ని విచారించే అధికారం చట్టం మాకు ఇవ్వలేదని కమిషన్ ఫిర్యాదును పక్కన పెట్టింది. అక్కడితో ఆగితే సరిపోయేది. ఆగకుండా, ఆ వ్యాసం ముస్లింల మీద ద్వేషం పెంచేలా ఉందని ప్రకటన ఇచ్చింది. మమ్మల్ని పిలవలేదు, మా మాట వినలేదు, దోషులని మాత్రం చెప్పేశారని పత్రికవాళ్లు మండిపడ్డారు. సమాజంలో వివక్ష కనబడితే నోరు విప్పే బాధ్యత కూడా కమిషన్‌కు ఉందని బార్బరా హాల్ జవాబిచ్చారు. దేశమంతా రెండుగా చీలి వాదించుకుంది. ఇదే వ్యాసం మీద కెనడాలోనే మరో రాష్ట్రమైన బ్రిటిష్ కొలంబియాలో మానవ హక్కుల ట్రిబ్యునల్ రెండు పక్షాలనూ విని, ఆ ఏడాది అక్టోబరులో ఫిర్యాదు కొట్టేసింది.

ఆ వ్యాసం మంచిదని నేను అనడం లేదు. దాన్ని చదివి నొచ్చుకున్నవాళ్ల బాధ నిజమైనదే. నా మనసులో ఉన్నది వేరు.

నేను కొత్తగా ప్లీడరునైన రోజుల్లో, ఒక దాళ్వాలో నీళ్లు చాలక వంతులు పెట్టారు. ఒక రాత్రి తూము పక్కన పంట బోదె గట్టు తెగింది. శివారు రైతులు లబోదిబోమంటూ ఊరి పెద్దాయన దగ్గరికి వచ్చారు. ఆయన చెడ్డమనిషి కాదు. "తూము సంగతి ఇరిగేషన్ వాళ్లు చూసుకోవాలి, నాది కాదు" అన్నారు. వెంటనే, "కానీ గట్టు కొట్టింది ఎవడో నాకు తెలుసులే" అని ఒక కౌలురైతు పేరు చెప్పారు. ఆ మనిషి అక్కడ లేడు. వారం తర్వాత గట్టు మళ్లీ వేస్తుంటే లోపలంతా ఎండ్రకాయల బొరియలు కనిపించాయి. కానీ మాట అప్పటికే ఊరంతా తిరిగింది. మరుసటి ఏడు అతనికి ఒక్కరూ కౌలుకు చేను ఇవ్వలేదు.

"ఏమండీ, పెద్దాయన నన్ను ఒక్కసారి పిలిచి అడిగితే ఏం పోయేది?" అని అతను మా అరుగు మీద కూర్చుని అడిగాడు. నేను ఏమీ చెప్పలేకపోయాను.

అధికారం లేదంటూనే తప్పు నీదే అంటే, ఆ మాట పడినవాడు అప్పీలుకు ఎక్కడికి వెళతాడు? తీర్పు ఉంటే కదా కొట్టేయించుకోవడానికి! గాలాలవాళ్ల కోసం అంత ఓపికగా విన్న కమిషన్, పత్రిక దగ్గరికి వచ్చేసరికి వినకుండా మాట్లాడింది. రాజకీయంలో ఉన్నవాళ్లకు ప్రతి దాని మీదా వెంటనే స్పందించడం అలవాటవుతుంది. కౌన్సిలర్‌కు అది అవసరం కూడా. కమిషన్ కుర్చీలో కూర్చున్నాక ఆ అలవాటు మానుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

మన రాష్ట్రానికీ మానవ హక్కుల కమిషన్ ఉంది. 1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టం కింద ఏర్పడింది. అధ్యక్షుణ్నీ సభ్యులనూ ముఖ్యమంత్రి అధ్యక్షతన ఉండే కమిటీ సిఫారసు చేస్తుంది, అందులో ప్రతిపక్ష నాయకుడూ ఉంటారు. కమిషన్ ప్రభుత్వానికి సిఫారసే చేయగలదు, శిక్ష వేయలేదు. అంటే దానికి ఉన్న బలమంతా దాని మాటే.

మీలో ఎవరికైనా అన్యాయం జరిగితే ఫిర్యాదు తెలుగులోనే రాయొచ్చు, ప్లీడరు అక్కర్లేదు. జరిగిన ఏడాది లోపు పంపాలి. ఏ రోజు, ఏ చోట, ఎవరు ఏం చేశారో రాయండి. అప్పుడు అక్కడ ఎవరెవరు ఉన్నారో పేర్లు రాయండి. మీ మీద అవతలివాళ్లు ఏమంటున్నారో అది కూడా రాయండి, దాచకండి.

సెలవు.