సద్దుల గంపకు దారి విడవండి

వేదిక మీది పెద్దలకు, ఈ రెండు రోజుల ఆహారోత్సవానికి ఊరూరి నుంచి వచ్చిన అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం. పేరుపేరునా చెప్పవలసిన కృతజ్ఞతలు అధ్యక్షులవారు ఇదివరకే చెప్పారు గనుక, నాకిచ్చిన కొద్ది సమయాన్ని నేరుగా విషయానికే వినియోగిస్తాను.

సద్దుల బతుకమ్మకు ముందు వచ్చే శని, ఆదివారాలను ఈ ఉత్సవానికి ఎంచుకోవడం నాకెంతో సంతోషం కలిగించింది. తంగేడు, గునుగు విరబూసి, పెసర్లు ఇంటికి చేరి, మక్క కంకులు కాల్చుకునే ఈ రోజుల్లో తెలంగాణ వంటిల్లు మహా సందడిగా ఉంటుంది. అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలయ్యే తొమ్మిది రోజుల్లో అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, వేపకాయల ఆకారంలో చేసి వేయించే పిండివంట, వెన్నముద్దలు అంటూ రోజుకొక నైవేద్యం ఉంది. ఆరో రోజున మాత్రం బతుకమ్మ అలిగిందని ఏమీ పెట్టరు. వండి వండి అలసిన చేతులకు నడుమ ఒక రోజు విశ్రాంతి దొరకడం నాకు చాలా ముచ్చటగా తోస్తుంది.

ఇక సద్దులు, అంటే తొమ్మిదో రోజైన సద్దుల బతుకమ్మ నాడు చెరువుకు తీసుకుపోయే కలిపిన అన్నాలు. పొద్దున వండిన అన్నం సాయంత్రం చెరువు గట్టు మీద, ఆటలన్నీ అయ్యాక పంచేసరికి చెడకుండా ఉండాలి, ఆ వంటలోని నేర్పంతా అక్కడే ఉంది. చింతపండు పులుసును నూనెలో చిక్కబడేదాకా ఉడికించి పులిహోర కలుపుతారు. పెరుగన్నం సాయంత్రానికి పుల్లబడకుండా పాలు ఎక్కువ పోసి పెరుగు కొద్దిగానే వేస్తారు. నిమ్మరసం చేదెక్కకుండా పోపు దింపాకే పిండుతారు. నువ్వులను దోరగా వేయించి దంచిన పొడి తడి లేకుండా అన్నానికి పడుతుంది. ఈ లెక్క ఏ వంటశాలలోనూ నేర్పింది కాదు. మా ఇళ్లలో అత్త చూపితే కోడలు నేర్చుకున్నది, తల్లి చూపితే బిడ్డ నేర్చుకున్నది.

ఇక్కడ నా మనసులో చాలాకాలంగా ఉన్న బాధ చెప్పకుండా ముందుకు పోలేను. కొన్నేళ్ల కిందట ఒక పట్టణంలో, ఇదే కాలంలో, స్థానిక వంటల ఉత్సవమని పెద్ద పెద్ద అక్షరాలతో తోరణాలు కట్టారు. దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దమ్మ నువ్వుల సద్ది, మక్కలు వేయించి విసిరిన సత్తుపిండి, రొట్టెలను చిదిమి బెల్లం కలిపిన మలీద ముద్దలు గంపలో పెట్టుకొని వచ్చింది. అమ్మడానికి రాలేదు, వచ్చినవాళ్లకు తలా ఇంత పెట్టిపోదామని వచ్చింది. ద్వారం దగ్గరి వాళ్లు బయటి తిండి లోపలికి తేరాదన్నారు. బయటి తిండి! ఆ మాట నాకిప్పటికీ మింగుడుపడదు. లోపల అంగళ్లలో ఏ ఊరికి పోయినా దొరికే నూడుల్స్, మంచూరియా అమ్ముతున్నారు, స్థానిక వంటేమో గేటు బయట నిలబడింది. ఆమె ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఆటోస్టాండు దగ్గర గంప దించి, అక్కడున్న డ్రైవర్లకు, బడిపిల్లలకు పంచిపెట్టింది. నేనూ ఒక మలీద ముద్ద అందుకున్నాను.

అమ్మలారా, ముందు వరుసలో కూర్చున్న మిమ్మల్నే అడుగుతున్నాను: మీలో ఎంతమంది ఇళ్లలో సత్తుపిండి ఇంకా విసురుతున్నారు? చేతులెత్తండి. ఎత్తిన చేతులన్నీ నెరిసిన తలలవే, చూశారా! 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. పూలకు దక్కిన ఆ గౌరవం సద్దులకు కూడా దక్కాలి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపినప్పుడు సజ్జలతో, జొన్నలతో బిస్కట్లు చేసి చూపించినవాళ్లను ఎందరినో చూశాను. అది మంచిదే. అయితే జొన్నరొట్టెను వేడిమీద చిదిమి మలీద ఎలా కట్టాలో తెలిసినవాళ్లు మన మధ్యనే ఉన్నారు, వాళ్లను పిలిచి పీట వేయడానికి ఏ సంవత్సరమూ రానక్కర్లేదు.

నిర్వాహకులకు నా విన్నపం ఒక్కటే. రేపు ఆదివారం ఉదయం నుంచి ఇంటి సద్దులు తెచ్చేవారిని ద్వారం దగ్గర ఎవరూ ఆపరని, వారికి ఆ వేపచెట్టు కింది స్థలాన్ని అద్దె లేకుండా ఇస్తామని, నేను ఈ వేదిక దిగకముందే ప్రకటించండి. అధ్యక్షులవారూ, మీ జవాబు కోసం ఇక్కడే నిలబడి ఉన్నాను.