రెండున్నర లక్షల రేటు, ముప్పై లక్షల సీటీసీ

వ్యాఖ్యాత: నమస్కారం. హైదరాబాదు ఐటీ కంపెనీల్లోని ప్రాజెక్టు మేనేజర్లు పర్మనెంటు ఉద్యోగం మాని కాంట్రాక్టుకు వెళ్లేటప్పుడు ఎంత అడగాలన్నది ఈ ఎపిసోడ్ విషయం. రెండు పద్ధతుల్లోనూ పనిచేసిన ప్రోగ్రామ్ మేనేజరు ఒకరు మనతో ఉన్నారు. సార్, 30 లక్షల సీటీసీ, అంటే ఏడాదికి కంపెనీ ఒక ఉద్యోగిపై పెట్టే మొత్తం ఖర్చు, ఉన్నవారికి నెలకు రెండున్నర లక్షలు ఇస్తామంటే రెండూ సమానమే కదా?

అతిథి: గుణిస్తే సమానమేనండీ, చేతికి వచ్చేసరికి కాదు. ఆ 30 లక్షల్లో బేసిక్ సగమనీ, పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ 3 లక్షలనీ అనుకుందాం. ఆ వేరియబుల్, కంపెనీ వాటా పీఎఫ్ 1,80,000, గ్రాట్యుటీ సుమారు 72,000, ఉద్యోగి వాటా పీఎఫ్ మరో 1,80,000 తీసేస్తే, ఆదాయపు పన్నుకు ముందు నెలకు దాదాపు 1,89,000 మిగులుతుంది. అది చూసి రెండున్నర లక్షలు చాలా ఎక్కువనిపిస్తుంది. అయితే పీఎఫ్ ఎక్కడికీ పోలేదు, మన ఖాతాలోనే ఉంది. సెలవులకూ జీతం వస్తుంది, ప్రాజెక్టు అయిపోయి బెంచ్ మీద, అంటే పనేమీ లేకుండా, కూర్చున్నా కొంతకాలం వస్తుంది. కాంట్రాక్టులో ఆ ఖాళీ నెలల నష్టమంతా మనమే భరించాలి.

వ్యాఖ్యాత: మరి ఎంత అడగడం న్యాయం?

అతిథి: ఏడాదికి పది నెలలే బిల్లవుతాయనుకుని 30 లక్షలను పదితో భాగిస్తాను. మూడు లక్షలు వస్తుంది. దానికి కుటుంబ ఆరోగ్య బీమా ఖర్చు కలుపుకోవాలి. పాత జీతం మీద ఇంత శాతం హైక్ అని అడగడం ఉద్యోగులకు అలవాటే గానీ, ఇక్కడ ఆ లెక్క పనికిరాదు.

వ్యాఖ్యాత: వెండర్ పేరోల్ మీద, అంటే మధ్యవర్తి కంపెనీ దగ్గర జీతం తీసుకుంటూ క్లయింటుకు పనిచేసేవారి సంగతి?

అతిథి: వారు చట్టం దృష్టిలో ఉద్యోగులే. 2025 నవంబరు 21న కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాక, నిర్ణీత కాలపు ఉద్యోగికి ఏడాది పనిచేస్తే గ్రాట్యుటీ హక్కు వచ్చింది. ఇంతకుముందు ఐదేళ్లు ఆగాల్సి వచ్చేది. వెండర్ మనపై ఎంత మిగుల్చుకుంటున్నాడో మాత్రం ఎవరూ చెప్పరు, అయినా అడగండి.

వ్యాఖ్యాత: సొంతంగా ఇన్‌వాయిస్ ఇస్తే?

అతిథి: అసలు చిక్కు అక్కడే ఉంది. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదు. రెండున్నర లక్షల బిల్లుకు 18 శాతం చొప్పున 45,000 చేర్చి 2,95,000 కు ఇన్‌వాయిస్ ఇస్తాం. వృత్తి రుసుముగా లెక్కగడితే క్లయింటు మన ఆదాయపు పన్ను కింద ముందే పది శాతం టీడీఎస్, అంటే 25,000, పట్టుకుంటాడు. అది ఆదాయపు పన్ను రిటర్న్‌లో సర్దుబాటవుతుంది. కానీ క్లయింటు అరవై రోజులకు చెల్లించినా, నెలవారీ జీఎస్టీ రిటర్న్ వేసేవారు ఆ జీఎస్టీని మరుసటి నెల 20వ తేదీలోగా సొంత జేబులోంచి కట్టాల్సిందే. రాబడిలో సగాన్నే ఆదాయంగా చూపే ఊహాత్మక పన్ను సదుపాయం సాంకేతిక సలహాదారులకు ఉంది, మన పని దాని కిందికి వస్తుందో లేదో ఆడిటరుతో ముందే తేల్చుకోవాలి.

వ్యాఖ్యాత: సంతకానికి ముందు ఏమి రాయించుకోవాలి?

అతిథి: రేటుకు జీఎస్టీ అదనమని, చెల్లింపు గడువు ఎన్ని రోజులని స్పష్టంగా ఉండాలి. ఉద్యమ్, అంటే చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు, ఉన్న చిన్న సేవాసంస్థకు, ఒప్పందంలో ఏమి రాసినా, 45 రోజులకు మించి బాకీ పెట్టడానికి చట్టం ఒప్పుకోదు. ఆ నమోదుకు రుసుము కూడా లేదు కనుక, మొదటి ఇన్‌వాయిస్ పంపకముందే పూర్తిచేసి, ఆ సంఖ్యను ఇన్‌వాయిస్ మీదే వేయండి.