కషాయం వంతు ఎంత, కాలేయం వంతు ఎంత

పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

దెబ్బ మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే తెల్లగా నురగ పొంగడం మీరు చూసే ఉంటారు. మందు మురికిని కాల్చేస్తోందని మా అమ్మ అనేది. నిజానికి ఆ నురగ తెప్పించేది మన ఒంట్లోని కెటలేజ్ అనే ఎంజైమ్. అది పెరాక్సైడ్‌ను నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. ఒక్క కెటలేజ్ అణువు సెకనుకు లక్షల పెరాక్సైడ్ అణువుల పని పట్టగలదు! ఇంత జోరైన ఎంజైమ్ మనకెందుకు? ఆ పెరాక్సైడ్ మన కణాల్లోనే నిత్యం పుడుతుంది కనుక. కణం ఆహారాన్ని మండించే శక్తి తీస్తుంది, పొయ్యి మండితే పొగ తప్పదు. ఆ పొగ ఇల్లంతా కమ్మేస్తే దాని పేరు ఆక్సీకరణ ఒత్తిడి. ఈ పొగను అణచడానికి కెటలేజ్‌కు తోడుగా గ్లూటాథయోన్ అనే చిన్న అణువు ఉంది, 1969లో గుర్తించిన సూపరాక్సైడ్ డిస్మ్యూటేజ్ అనే ఎంజైమ్ ఉంది.

మరి కషాయం సంగతి? ఉసిరి, తులసి, గ్రీన్ టీలలోని పాలీఫినాల్స్ అనే మొక్కల రసాయనాలు గాజు నాళికలో ఈ పొగను అణచడంలో మహా చురుకు. తాగిన తర్వాత రక్తంలో చేరేది కొంచెమే. కాలేయం వాటినీ పరాయి సరుకుగానే చూసి, మార్చి, బయటికి పంపుతుంది. ఆ చిన్న చికాకుకు ఎన్ఆర్ఎఫ్-2 అనే ప్రోటీన్ మేలుకొని సొంత ఎంజైముల తయారీ పెంచుతుందని ప్రయోగశాలల్లో చూశారు. అంటే కషాయం తాను కాపలా కాయదు, కాపలావాడి తలుపు తడుతుంది.

తలుపు తట్టబోయి బద్దలు కొట్టినవాళ్లూ ఉన్నారు. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడటానికి మూలికలు వాడిన ఆడవాళ్లకు వరుసగా మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఒక మూలికకు బదులు అరిస్టలోకియా జాతి వేరు కలిసింది. మన ఈశ్వరి తీగ ఆ జాతిదే. అందులోని ఆమ్లం మూత్రపిండాలకు విషం, క్యాన్సర్‌కు కూడా కారణం.

పలాసలో నిలబడి ఈ మాట ఊరికే చెప్పడం లేదు. ఈ ప్రాంతాన్ని పట్టిన ఉద్దానం మూత్రపిండాల జబ్బుకు కారణం ఇంకా తేలలేదు, దాన్ని మూలికలకు అంటగట్టడం నా ఉద్దేశం కాదు. కానీ నీరసించిన మూత్రపిండం పొటాషియంను సరిగా బయటికి పంపలేదు. ఆకుల రసాల్లో అది దండిగా ఉంటుంది. ఆరోగ్యవంతుడికి అమృతమైన గ్లాసు, మూత్రపిండాలు నీరసించిన మనిషి గుండె లయ తప్పించవచ్చు.

ఇంట్లో డయాలసిస్‌కు వెళ్లేవారుంటే ఒక పని చేయండి. సంచిలో మందుల చీటీతో పాటు, ఎవరో ఇచ్చిన ఆ పొడి పొట్లం కూడా పెట్టండి. డాక్టరు కసురుకున్నా సరే, చూపించండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.